ఉరుము ఏ గడిలో పుడుతుంది?

2024 ఏప్రిల్ 15, సోమవారం. మర్నాడు బడులన్నీ ఆన్‌లైన్‌లోనే, ప్రభుత్వ ఉద్యోగులకు ఇంటి నుంచే పని అని యూఏఈలో ప్రకటనలు వచ్చేశాయి. అబుదాబిలోని జాతీయ వాతావరణ కేంద్రం హెచ్చరికలు అప్పటికే ఫోన్లలో తిరుగుతున్నాయి. మంగళవారం నాడు చెప్పినట్టే వాన వచ్చింది. అల్ ఐన్ పరిసరాల్లో ఖత్మ్ అల్ షక్లా అనే చోట ఇరవై నాలుగు గంటలు నిండకముందే 254 మి.మీ. పడింది. 1949లో లెక్కలు రాయడం మొదలైనప్పటి నుంచి ఈ దేశంలో అంత వాన నమోదు కాలేదు. దుబాయ్ అంతర్జాతీయ విమానాశ్రయంలో 142 మి.మీ. దాటింది, అక్కడ ఏడాది మొత్తానికి సగటున పడేదే 95 మి.మీ. లోపు. షార్జాలో అల్ మజాజ్, అల్ ఖాసిమియా వీధుల్లో నీళ్ళు రోజుల తరబడి కదల్లేదు.

ఆ తర్వాత మనవాళ్ళు ఎక్కడ కలిసినా నన్ను రెండు ప్రశ్నలు అడిగేవారు. మబ్బుల్లో మందు చల్లి వానను కొనితెచ్చుకున్నారట కదా అనేది ఒకటి. ముందే తెలిసినప్పుడు ఇంత నష్టం ఎలా జరిగింది అనేది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నది. ఆ తుఫాను వేళ మేఘమథనం విమానాలు నడపలేదని జాతీయ వాతావరణ కేంద్రం అధికారులు స్పష్టంగా చెప్పారు. నడిపినా సరే, అరేబియా సముద్రం మీది తేమను వందల కిలోమీటర్లు మోసుకొచ్చి, పై గాలుల్లోని ద్రోణి కింద ఒకదాని వెనక ఒకటిగా ఉరుముల మేఘాలను లేపిన ఆ వ్యవస్థ ముందు నాలుగు విమానాలు ఏ లెక్కలోకీ రావు. రెండో ప్రశ్నకు మాత్రం నిలబడి చెప్పేంత చిన్న జవాబు లేదు. అందుకే ఈ వ్యాసం.

నేను విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం చదివాను. ఇప్పుడు ఇక్కడ నిర్మాణ సైట్లకూ, సముద్రంలో పనిచేసే పడవలకూ రోజువారీ వాతావరణ బులెటిన్లు రాసే సంస్థలో ఉద్యోగం. మోడళ్ళు తయారుచేసే శాస్త్రవేత్తను కాను. ఆ మోడళ్ళు ఇచ్చే బొమ్మలు చదివి, మధ్యాహ్నం ఎప్పటి నుంచి క్రేన్లు ఆపాలో చెప్పాల్సిన మనిషిని. అందుకని మోడల్ ఎక్కడ నమ్మదగిందో, ఎక్కడ కాదో తెలుసుకోవడం నాకు చదువు మాత్రమే కాదు. క్రేన్ పైన ఆ ఎత్తున క్యాబిన్‌లో కూర్చున్నది ఒక మనిషి.

ఏప్రిల్ 16 వాన ఒక కొలతలో ముందే తెలిసింది. ఇంకో కొలతలో తెలియలేదు. దేశం మీదికి అసాధారణమైన వాన వస్తోందని కొన్ని రోజుల ముందే మోడళ్ళు చూపించాయి. ఆ వానలో అన్నిటికంటే పెద్ద భాగం ఖత్మ్ అల్ షక్లా మీద పడుతుందని ఎవరూ చెప్పలేదు, చెప్పగలిగేవారూ కాదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరం పేరు రిజల్యూషన్.

కంప్యూటర్ మోడల్ ఆకాశాన్ని గళ్ళుగా కోసి లెక్క కడుతుంది. ఒక్కో గడికి ఒకే ఉష్ణోగ్రత, ఒకే తేమ, ఒకే గాలి. గడి లోపల ఏం జరుగుతోందో దానికి కనబడదు. యూఏఈ పటం తీసుకుని షార్జా తీరం నుంచి తూర్పుగా, ఒమన్ గల్ఫ్ ఒడ్డున ఉన్న కల్బా దాకా ఒక గీత గీయండి. సుమారు వంద కిలోమీటర్లు. ఆ గీత మీద మొదట అరేబియన్ గల్ఫ్ ఒడ్డు, తర్వాత ఇసుక దిబ్బలు, అల్ దైద్ తోటలు, కంకర మైదానం, హజర్ కొండలు, కొండ దిగగానే మళ్ళీ సముద్రం. శతాబ్దం చివరికి భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టే ప్రపంచ మోడళ్ళలో చాలావాటికి గడి వంద కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఈ గీత మొత్తం ఒకే గడి. రెండు సముద్రాలకూ, ఎడారికీ, కొండకూ కలిపి ఒకే ఉష్ణోగ్రత. గడి 25 కిలోమీటర్లయితే నాలుగు గళ్ళు పడతాయి. చాలా ఐరోపా దేశాలు కలిసి నడిపే మధ్యకాలిక అంచనాల కేంద్రం 2016 నుంచి 9 కిలోమీటర్ల గడితో ప్రపంచమంతటికీ లెక్క కడుతోంది. అందులో పదో పదకొండో పడతాయి. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం వాళ్ళు యూఏఈ వాన పరిశోధన కార్యక్రమం కింద ఈ ప్రాంతాన్ని 2.7 కిలోమీటర్ల గడితో లెక్కగట్టారు. అందులో అదే గీత మీద ముప్పై అయిదు గళ్ళ దాకా పడతాయి. కొండకు కొండ ఆకారం, లోయకు లోయ ఆకారం వచ్చేది అక్కడే.

గడి కొలత 9 కిలోమీటర్లంటే 9 కిలోమీటర్ల మేఘం కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. కనిపించదు. చుక్కల ముగ్గులో రెండు చుక్కల మధ్య నెమలి కన్ను గీయలేం, వంపు తిరగాలంటే నాలుగైదు చుక్కలైనా కావాలి. మోడల్‌కీ అంతే. ఒక ఆకారాన్ని దాని అసలు బలంతో నిలబెట్టాలంటే సుమారు ఏడు గళ్ళ వెడల్పు కావాలని అమెరికాలో విలియం స్కామరాక్ 2004లో లెక్కతో చూపించారు. 9 కిలోమీటర్ల మోడల్ నిజంగా చూడగలిగేది అరవై కిలోమీటర్ల పైచిలుకు వాటిని. ఉరుముల మేఘంలో గాలి పైకి ఎగదన్నే స్తంభం వెడల్పు మామూలుగా ఒకటి నుంచి కొద్ది కిలోమీటర్లు.

ఆ స్తంభమే మన కథానాయకుడు. నేల దగ్గర వేడెక్కిన తేమ గాలి తేలికై లేస్తుంది. పైకి పోయే కొద్దీ చల్లబడుతుంది, ఆవిరి నీరవుతుంది. అప్పుడు విడుదలయ్యే వేడి ఆ గాలిని ఇంకా పైకి తోస్తుంది. అలా పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పోయేదాన్ని శాస్త్రవేత్తలు డీప్ కన్వెక్షన్ అంటారు. మన పత్రికల్లో వేసవి పిడుగుల వార్త వచ్చినప్పుడల్లా కనిపించే క్యుములోనింబస్ మేఘం ఇదే.

ఎమిరేట్స్‌లో నడి ఎండాకాలంలో కూడా హజర్ కొండల పక్కన మధ్యాహ్నం దాటాక ఈ మేఘాలు లేస్తాయి. పడమటి నుంచి అరేబియన్ గల్ఫ్ గాలి, తూర్పు నుంచి ఒమన్ గల్ఫ్ గాలి లోపలికి వచ్చి కొండల దగ్గర ఎదురెదురుగా కొట్టుకుంటాయి. పక్కలకు పోవడానికి దారి లేక గాలి పైకి పోతుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. రెండు గాలులూ సెకనుకు 5 మీటర్ల వేగంతో వస్తున్నాయి, నేల నుంచి కిలోమీటరు మందాన. అవి రెండు కిలోమీటర్ల వెడల్పు పట్టీలో కలుసుకుంటే ఆ పట్టీ నెత్తిన గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో పైకి లేవాలి. పొడి మూతలాగా అడ్డుపడే పై పొరను బద్దలుకొట్టుకుని పోవడానికి ఆ ఊపు సరిపోవచ్చు. ఇప్పుడు అదే కలయికను 25 కిలోమీటర్ల గడిలో పోయండి. అంతే గాలి, అంతే వేగం. కానీ గడి వెడల్పంతా పరుచుకుంటుంది కాబట్టి పైకి లేచే వేగం సెకనుకు 0.4 మీటర్లు. వంద కిలోమీటర్ల గడిలో 0.1 మీటరు. ఉరుము పుట్టాల్సిన చోట గాలి బద్ధకంగా కదులుతుంది. మోడల్ గణితంలో తప్పేమీ లేదు. సమీకరణాలు అవే, సముద్రాలు అవే. గడి పెద్దదైనందుకే ఆ మేఘం పుట్టలేదు.

మరి ముతక గళ్ళ మోడళ్ళలో వాన ఎలా పడుతోంది? సూత్రం పెట్టి పడేలా చేస్తారు. గడిలో కింద ఎంత తేమ ఉంది, పైన ఎంత చల్లగా ఉంది అని చూసి, "ఈ పరిస్థితుల్లో ఇక్కడ ఇన్ని మేఘాలు లేచి ఉండాలి, ఇంత వాన పడి ఉండాలి" అని లెక్కగట్టే సూత్రాన్ని మోడల్‌లో కలుపుతారు. పారామీటరైజేషన్ అంటారు దాన్ని. 1974లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అకియో అరకావా, వేన్ షుబర్ట్ రాసిన సూత్రం ఈ రంగానికి ఒక మూలస్తంభం. దాని వారసులు ఇప్పటికీ వాడుకలో ఉన్నారు. నాకు ఈ సూత్రాల మీద గౌరవం తప్ప చిన్నచూపు లేదు. కంప్యూటర్లు బలహీనంగా ఉన్న రోజుల్లో, కనబడని మేఘాన్ని దాని జాడలను బట్టి లెక్కలోకి తెచ్చిన మేధ అది. అవి లేకపోతే రేపటి వాతావరణం గురించి కూడా మాట్లాడుకోగలిగేవాళ్ళం కాదు.

కానీ వాటికి కొన్ని అలవాట్లున్నాయి. అన్నిటికంటే పేరుపడింది తొందరపాటు. నేల వేడెక్కగానే, పరిస్థితులు కుదిరాయి కదా అని సూత్రం మిట్టమధ్యాహ్నమే వాన కురిపిస్తుంది. నిజంలో మేఘం అలా రాదు. మొదట చిన్న మబ్బులు లేచి, ఎండిపోయి, పై గాలిని కాస్త తడి చేసి, మళ్ళీ లేచి, సాయంత్రానికి గానీ ఉరమదు. మన తెలుగు నేల మీద వేసవి ఉరుములకూ అదే వేళ. గడి మూడు నాలుగు కిలోమీటర్లకు దిగి, సూత్రాన్ని తీసేసి, మేఘాన్ని సమీకరణాలకే వదిలేస్తే, వాన వేళ మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరుగుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల చేసిన పోలికల్లో ఇదే తేలింది.

రెండో అలవాటు నా పనికి నేరుగా తగిలేది. సూత్రం వానను గడిలోనే కురిపించి గడిలోనే ముగిస్తుంది. నిజమైన ఉరుముల మేఘం అలా మర్యాదగా ముగియదు. ఎడారిలో మేఘం అడుగు చాలా ఎత్తున ఉంటుంది, కింద గాలి పొడిగా ఉంటుంది. పడే చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ గాలిలోని వేడిని లాగేస్తాయి. ఆ చల్లబడిన బరువు గాలి కిందికి కూలి, నేలను కొట్టి, నలువైపులా పరుగెడుతుంది. ముందు ఇసుక గోడ, వెనక ఈదురుగాలి. మేఘం ఒక చోట, దెబ్బ తగిలేది పదుల కిలోమీటర్ల అవతల. ఆ చల్లగాలి అంచు మీద మళ్ళీ కొత్త మేఘాలు లేస్తాయి కూడా. ముతక మోడల్‌లో ఈ కథ ఏదీ ఉండదు. సహారా మీద బ్రిటన్ శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనాల్లో, వేసవి దుమ్ములో పెద్ద వాటా ఈ చల్లగాలి పరుగు వల్లే లేస్తోందనీ, సూత్రం మీద నడిచే మోడళ్ళు దాన్ని దాదాపు పూర్తిగా పోగొట్టుకుంటున్నాయనీ తేలింది.

ఒక సైటులో రిగ్గింగ్ ఫోర్‌మన్ ఉన్నాడు, జగిత్యాల వైపు మనిషి. ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"మేడం, ఫోన్ల చూస్తే మా సైటు మీద వాన లేదు. మీరేమో రెండింటి సంది క్రేన్ బంద్ చెయ్యమన్నరు. ఏది నమ్మాలె?"

"వాన మీ దాకా రాదన్నా. మబ్బు కొండల దగ్గరే కురుస్తుంది. దాని గాలి మాత్రం మీ వైపే వస్తోంది."

"మబ్బు ఆడ, గాలి ఈడనా?"

"అవునన్నా. ముందు దుమ్ము కనిపిస్తుంది. కనిపించాక హుక్కు దించే టైం ఉండదు."

ఆయన దించాడు. ఆయన ఫోన్‌లో ఉన్నది 9 కిలోమీటర్ల మోడల్. నా ముందు 3 కిలోమీటర్ల మోడల్ ఉంది. అందులో కొండ పాదాల నుంచి పడమటికి విల్లులా వంగి కదులుతున్న గాలి గీత కనిపిస్తోంది. రెండు మోడళ్ళూ ఒకే ఉదయపు పరిశీలనల నుంచి మొదలైనవే. ఒకదానికి చల్లగాలి పరుగు తెలుసు, మరొకదానికి తెలియదు.

ఇంతవరకూ చదివితే, గళ్ళు చిన్నవి చేస్తూ పోవడమే కదా చేయాల్సింది అనిపిస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. గడి చిన్నదవుతున్న కొద్దీ బొమ్మ అదే పద్ధతిలో స్పష్టమవుతూ పోదు. పది కిలోమీటర్లకూ ఒక కిలోమీటరుకూ మధ్య మోడల్ స్వభావమే మారిపోతుంది. గడి పెద్దగా ఉన్నంతసేపు మేఘాన్ని సూత్రం చేస్తుంది, చిన్నదయ్యాక సమీకరణాలు చేస్తాయి. మధ్యలో ఉన్నప్పుడు ఎవరి పని ఎవరిదో తేలదు. సూత్రాన్ని ఉంచితే, సగం కనిపిస్తున్న మేఘానికీ సూత్రం ఊహించిన మేఘానికీ కలిపి వానను రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం. తీసేస్తే మేఘం ఆలస్యంగా పుట్టి, పుట్టాక అవసరానికి మించి లావెక్కి కుండపోతలు పోస్తుంది. ఎందుకంటే గాలి స్తంభం ఎంత సన్నంగా ఉండాలన్నా గడికంటే సన్నం కాలేదు. మోడళ్ళ వాళ్ళు దీన్నే గ్రే జోన్ అంటారు.

1997లో అమెరికాలో వైజ్‌మన్, స్కామరాక్, క్లెంప్ అనే ముగ్గురు, వరసకట్టి నడిచే ఉరుముల మేఘాల మొత్తం ఆకృతి పట్టుబడాలంటే 4 కిలోమీటర్ల గడి సరిపోతుందని చూపించారు. ప్రపంచంలోని జాతీయ వాతావరణ సంస్థలు ఆ ధైర్యంతోనే సూత్రాన్ని పక్కనపెట్టడం మొదలుపెట్టాయి. ఆరేళ్ళ తర్వాత బ్రయాన్, ఆయన సహచరులు చల్లటి నీళ్ళు చల్లారు: మేఘం లోపలి సుడులు సరిగ్గా తేలాలంటే కిలోమీటరు కూడా ముతకే, వంద మీటర్ల దాకా పోవాలి అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు మేఘాల గుంపు గురించి, మరొకరు మేఘం కడుపులోని సంగతి గురించి. ఈ రెంటి మధ్యా నాకు బాగా నచ్చిన పని జపాన్ వాళ్ళది. కోబేలోని కె కంప్యూటర్ మీద భూగోళం మొత్తాన్ని 870 మీటర్ల గడితో లెక్కగట్టి 2013లో ప్రచురించారు. గడిని మెట్టు మెట్టుగా తగ్గిస్తూ పోయి చూస్తే, సుమారు 2 కిలోమీటర్ల దగ్గర గాలి స్తంభాల తీరు మారింది. అంతకుముందు గడి ఎంత ఉంటే స్తంభం అంత; అక్కడి నుంచి స్తంభానికి తన సొంత వెడల్పు వచ్చింది. గడి గీసిన మేఘం కాకుండా గాలి గీసిన మేఘం మొదలైన చోటు అది.

దీనికి ఖర్చు ఎంతో కూడా చెప్పాలి. గడిని సగం చేస్తే తూర్పు పడమరలకు రెట్టింపు గళ్ళు, ఉత్తర దక్షిణాలకు రెట్టింపు. గాలి ఒక్క అడుగులో గడి దాటి దూకకుండా ఉండాలంటే సమయాన్నీ సగం సగం ముక్కలుగా నడపాలి. మొత్తం ఎనిమిది రెట్లు. 25 కిలోమీటర్ల నుంచి రెండున్నరకు రావాలంటే వెయ్యి రెట్లు. నిలువు పొరలు పెంచితే ఇంకా పైన. అందుకే 2025 మే 26న మన దేశం భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను 6 కిలోమీటర్ల గడితో తెచ్చినప్పుడు నేను గర్వపడ్డాను. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన మోడల్ అది. అంతకుముందు ఉన్నది 12. ప్రపంచమంతటికీ రోజూ 6 కిలోమీటర్లతో అంచనా నడపడం మాటలు కాదు. అయితే ఈ మోడల్ ఇచ్చేది పంచాయతీ స్థాయి అంచనా అన్న మాట మన ఊళ్ళలో ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. రుతుపవనాల వానకూ, ఎండ తీవ్రతకూ, తుఫాను దారికీ ఆ మెరుగు నిజమైన మెరుగు. ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం ఏ పంచాయతీలో పిడుగు పడుతుందో చెప్పడానికి మాత్రం 6 కిలోమీటర్లు ఇంకా గ్రే జోన్‌లోనే ఉంది. ఈ తేడాను రైతుకు విడమరిచి చెప్పాలి. లేకపోతే మొదటి పిడుగు తప్పిన రోజునే మొత్తం మోడల్ మీద నమ్మకం పోతుంది.

చిన్న గడి మోడల్‌కు ఇంకో కష్టం ఉంది. అది సరిగ్గా చెప్పినా తప్పు చెప్పినట్టు మార్కులు పడతాయి. మోడల్ అల్ దైద్ మీద ఉరుముల మేఘాన్ని చూపించింది అనుకోండి. మేఘం నిజంగా వచ్చింది. అదే వేళకు, అంతే బలంతో, కానీ ముప్పై కిలోమీటర్ల దక్షిణాన అల్ మదాం మీద. స్టేషన్ స్టేషన్‌కు పోల్చి లెక్కేస్తే, అల్ దైద్‌లో పడని వాన చెప్పినందుకు ఒక తప్పు, అల్ మదాంలో పడిన వాన చెప్పనందుకు ఇంకో తప్పు. ఆ రెండు ఊళ్ళ మీదా పల్చటి జల్లు పరిచిన ముతక మోడల్‌కు తప్పులు తక్కువ. పనికొచ్చే సమాచారం ఇచ్చింది ఏది? సైట్లో ఉన్న ఏ మనిషినైనా అడగండి. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే బ్రిటన్ వాతావరణ శాఖకు చెందిన నైజెల్ రాబర్ట్స్, హంఫ్రీ లీన్ 2008లో ఇరుగుపొరుగు గళ్ళను కలిపి చూసే కొలమానం ప్రతిపాదించారు. ఈ చుట్టుపక్కల ఇంత మేరలో వాన పడిందా, మోడల్ ఇంత మేరలో చూపిందా అని అది అడుగుతుంది. చిన్న గడి మోడల్‌ను చదవాల్సిన పద్ధతి కూడా అదే. గీసిన బొట్టు దగ్గర కాదు, బొట్టు చుట్టూ.

2005 జులై 26న ముంబయిలో శాంతాక్రూజ్ దగ్గర 944 మి.మీ. వాన పడింది. అదే నగరంలో, ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న కొలాబాలో పడింది 73 మి.మీ. 25 కిలోమీటర్ల గడి ఈ రెంటినీ కలిపేసుకోగలదు. 2 కిలోమీటర్ల గడి రెంటినీ వేరుచేసి చూపగలదు. కానీ ఏది ఏ వైపు అన్నది తారుమారు చేయగలదు కూడా. ఎందుకంటే మొదలుపెట్టిన ఉదయం సముద్రం మీది తేమ కొద్దిగా అటూ ఇటూ అయినా మేఘం పుట్టే చోటు మారిపోతుంది. ఎడ్వర్డ్ లోరెంజ్ 1969లోనే చెప్పాడు: ఆకారం చిన్నదవుతున్న కొద్దీ దాన్ని ముందుగా చెప్పగలిగే గడువు తగ్గిపోతుంది. రోజులు పట్టే ద్రోణికి రోజుల గడువు. గంటలో పుట్టి పోయే మేఘానికి గంట. గడి ఎంత చిన్నది చేసినా ఈ గడువు పెద్దగా పెరగదు.

హోహెన్‌హైమ్ వాళ్ళు 2015 జనవరి నుంచి నవంబరు దాకా ప్రతిరోజూ ఎమిరేట్స్ మీద 2.7 కిలోమీటర్ల అంచనా నడిపి 48 స్టేషన్ల కొలతలతో పోల్చారు. ఆ ఏడాది జులైలో హజర్ కొండల మీద లేచిన మేఘాలనే తీసుకుని, నేల దగ్గరి గాలి పొరకూ మేఘంలోని చినుకుల లెక్కకూ వేర్వేరు సూత్రాలు పెట్టి మళ్ళీ మళ్ళీ నడిపారు. గడి మారలేదు, రోజు మారలేదు. అయినా మేఘం తీరు మారింది. సూత్రాలన్నీ పోలేదన్నమాట, పెద్ద సూత్రం పోయి చిన్న సూత్రాలు మిగిలాయి. ఇసుక ఎంత వేడెక్కుతుంది, దుమ్ము రేణువుల మీద చినుకు ఎలా పెరుగుతుంది అనేవి ఈ దేశంలో ఇంకా తేల్చుకోవాల్సిన సంగతులు. డబ్బు పెట్టి గళ్ళు తగ్గించుకోవచ్చు గానీ, కొండ మీద, ఎడారి మధ్యలో పరికరాలు పెట్టి కొలిచే పనికి బదులు లేదు. ఆ పని ఇక్కడ ఇంకా ఎక్కువగా జరగాలని నా కోరిక.

ఈ మధ్య కృత్రిమ మేధ మోడళ్ళ మాట వచ్చినప్పుడల్లా దుబాయ్ వానే ఉదాహరణ. శిక్షణ కోసం ఇచ్చిన పాత సమాచారంలో ఈ ప్రాంతం మీద అంత వాన ఎన్నడూ లేకపోయినా, గ్రాఫ్‌కాస్ట్ వంటి మోడళ్ళు 2024 ఏప్రిల్ వానను ముందే పట్టుకున్నాయని పరిశోధకులు చూపించారు. గొప్ప సంగతే. వాటి గడి పావు డిగ్రీ, ఇక్కడ 25 నుంచి 28 కిలోమీటర్లు. అవి పట్టుకున్నది ఆ ద్రోణినీ, ఆ తేమ నదినీ. ఏ వీధిలో ఏ గంటకు ఎంత అన్నది వాటికీ అందలేదు.

వీధి లెక్క ఎందుకంత ముఖ్యమో మురుగుకాలువ కట్టే ఇంజనీరుకు తెలుసు. దుబాయ్ 2024 జూన్‌లో తస్‌రీఫ్ అనే వాననీటి కాలువల పథకం ప్రకటించింది. 3,000 కోట్ల దిర్హాముల పని, 2033కి పూర్తి కావాలి. కాలువ వెడల్పు ఏడాది వానను బట్టి తేలదు, గంట వానను బట్టి తేలుతుంది. అయిదు కిలోమీటర్ల చదరంలో గంటకు 60 మి.మీ. కురిసిందనుకోండి. చుట్టూ పొడిగా ఉంది. 25 కిలోమీటర్ల గడి దాన్ని సగటు కట్టి 2.4 మి.మీ. అంటుంది. వంద కిలోమీటర్ల గడిలో అది 0.15 మి.మీ. రాబోయే యాభై ఏళ్ళ వానల గురించి ముతక మోడల్ ఇచ్చే గంట లెక్కను నేరుగా కాలువ గీతల్లోకి దించితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వేడెక్కుతున్న గాలి ఇంకా ఎక్కువ తేమ పట్టుకుంటుంది కాబట్టి కుండపోతలు ముదురుతాయి. ఎంత ముదురుతాయో చెప్పగలిగేది మేఘాన్ని సొంతంగా లేపగలిగే చిన్న గడి మోడళ్ళే. హైదరాబాద్‌కూ ఇదే అవసరం. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 241 మి.మీ. పడింది, 2020 అక్టోబరులో మళ్ళీ నగరం మునిగింది. విజయవాడ 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళలో ఉంది. ఈ ఊళ్ళకు కాలువలు గీసేవాళ్ళు ఏ గడి మోడల్ లెక్క వాడుతున్నారో బహిరంగంగా చెప్పాలని అడిగే హక్కు పన్ను కట్టే ప్రతి మనిషికీ ఉంది.

ఇక హెచ్చరికల విషయానికి వస్తే, మేఘం మీదికి వచ్చే ముందు చివరి రెండు గంటల్లో మోడల్‌ను పక్కన పెట్టి రాడార్‌నూ, పిడుగుల సెన్సర్లనూ నమ్మాలి. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ ఈ దారిలో ముందే నడిచింది. 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36,749 పిడుగులు లెక్కపెట్టి, మండలాల వారీగా ఫోన్లకు హెచ్చరికలు పంపింది. అంచనా కాదది, పుట్టిన మేఘాన్ని వెంబడించడం. చిన్న గడి మోడల్ ఉదయమే "ఈ మధ్యాహ్నం ఈ చుట్టుపక్కల ఇలాంటి మేఘాలు లేస్తాయి" అంటే, రాడార్ మధ్యాహ్నం "ఇదిగో లేచింది, ఇటు కదులుతోంది" అంటుంది.

మీ ఫోన్‌లో ఏ గడి ఉందో చూసుకోవడం కష్టం కాదు. రంగులు వీధి దాకా నున్నగా కనిపించినా అవి రెండు గళ్ళ మధ్య పులిమిన రంగులు. విండీ లాంటి యాప్‌లో మోడల్ పేరు పక్కనే కిలోమీటర్ల అంకె ఉంటుంది. అక్కడ 9 అని గానీ 22 అని గానీ ఉంటే, ఆ మేఘాన్ని చేసింది సూత్రం. వేళ ముందుకు జరిగి ఉండొచ్చు, ఈదురుగాలి అందులో ఉండదు. 3 గానీ అంతకంటే చిన్నది గానీ ఉంటే, మీ ఇంటి మీద బొట్టు లేదని నిశ్చింతగా ఉండకుండా చుట్టూ ముప్పై కిలోమీటర్ల మేర చూడండి. అక్కడ ఎక్కడైనా ముదురు రంగు ఉంటే రాడార్ బొమ్మ తెరిచి పక్కన పెట్టుకోండి.